ఛాంబర్ సంగీతం, గ్రామీణ సంగీతోత్సవం: భద్రాచలం ప్రాంత పరిశీలన

విషయక్రమం
1. లక్ష్యాలు
2. ఉపోద్ఘాతం
3. ఛాంబర్ సంగీతం: అర్థం, లక్షణాలు
4. పట్నాలకు దూరంగా సంగీతోత్సవాలు: రెండు ఉదాహరణలు
5. భద్రాచలం ప్రాంతం: సంగీత వారసత్వం
6. ఋతువు, చోటు, శబ్దం
7. ఉత్సవం ముగిశాక ఏం మిగులుతుంది?
8. సారాంశం
9. ముఖ్య పదాలు
10. మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు
11. నమూనా ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఛాంబర్ సంగీతం లక్షణాలను వివరించి, కర్ణాటక సంగీత కచేరీతో పోల్చగలుగుతారు.
• పట్నాలకు దూరంగా ఉన్న చిన్న ఊళ్లలో సంగీతోత్సవాలు ఎలా నిలదొక్కుకున్నాయో చెప్పగలుగుతారు.
• భద్రాచలం ప్రాంతపు సంగీత వారసత్వాన్ని, అక్కడి ఋతువుల స్వభావాన్ని దృష్టిలో పెట్టుకుని ఒక ఉత్సవానికి తగిన కాలాన్ని, చోటును సూచించగలుగుతారు.
• ఒక ఉత్సవం స్థానికులకు ఎంత మేలు చేసిందో పరిశీలించే ప్రశ్నలను రూపొందించుకోగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

యూరప్‌లోనూ అమెరికాలోనూ వేసవి అంటే సెలవులు, చల్లని గాలి, పొడవైన పగళ్లు. ఆ రోజుల్లో నగరవాసులు కొండప్రాంతాలకు, సరస్సుల దగ్గరి ఊళ్లకు వెళతారు. వారి వెంటే సంగీతకారులూ వెళతారు. అక్కడి పాఠశాల హాళ్లలో, చర్చిల్లో చిన్న బృందాలు కొన్ని వారాల పాటు సంగీతం వినిపిస్తాయి. దీన్నే వేసవి ఛాంబర్ సంగీతోత్సవం అంటారు.

ఈ నమూనాను ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న అటవీ ప్రాంతానికి అన్వయించి చూడటం ఈ పాఠం ఉద్దేశం. ఇక్కడా నది ఉంది, అడవి ఉంది, యాత్రికులు ఉన్నారు. పాపికొండల పడవ ప్రయాణం, కిన్నెరసాని జలాశయం, పర్ణశాల చూడటానికి దూరప్రాంతాల వారు వస్తారు. రామదాసు కీర్తనల రూపంలో గొప్ప సంగీత సంపద కూడా ఉంది. అయితే ఇక్కడి వేసవి వేరు, ఇక్కడి శ్రోత వేరు. పరాయి నమూనాలో దేన్ని తీసుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందు ఆ సంగీతం ఏమిటో తెలుసుకోవాలి.

3. ఛాంబర్ సంగీతం: అర్థం, లక్షణాలు

ఛాంబర్ అంటే గది. గదిలో కూర్చుని, కొద్దిమంది శ్రోతల కోసం, కొద్దిమంది వాద్యకారులు వినిపించే సంగీతం ఛాంబర్ సంగీతం. దీనికి మూడు ప్రధాన లక్షణాలు ఉన్నాయి.

మొదటిది, బృందం చిన్నది. ఒక్కొక్క భాగాన్ని ఒక్కరే వాయిస్తారు. పెద్ద ఆర్కెస్ట్రాలో ఒకే స్వరాన్ని 10 వయొలిన్లు కలిసి పలికించవచ్చు. ఛాంబర్ బృందంలో అలా కాదు. ఒకరు తప్పితే ఆ తప్పు అందరికీ వినిపిస్తుంది. అందరికంటే ఎక్కువగా కనిపించే రూపం రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో ఉండే నలుగురి బృందం. 18వ శతాబ్దంలో హేడన్ ఈ రూపానికి స్థిరత్వం తెచ్చాడు.

రెండవది, నిర్దేశకుడు ఉండడు. ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేసేవారు లేరు కాబట్టి, వాయించేవారు ఒకరినొకరు వింటూ, చూసుకుంటూ ముందుకు సాగాలి.

మూడవది, చోటు చిన్నది. శ్రోతకు విల్లు తీగను తాకిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ దగ్గరితనం కోసమే ఈ సంగీతం రూపొందింది.

ఈ లక్షణాలను మన కచేరీతో పోల్చి చూడండి. గాయకుడు లేదా గాయని, వయొలిన్, మృదంగం, తంబుర, వీలును బట్టి ఘటమో కంజిరో మోర్సింగో. మొత్తం నలుగురైదుగురు. నిర్దేశకుడు లేడు. మైకు రాకముందు ఆలయ మండపాల్లో, సంస్థానాల సభల్లో, ఇళ్ల వసారాల్లో దగ్గరగా కూర్చున్న శ్రోతల కోసమే కచేరీలు జరిగేవి. విజయనగరం, పిఠాపురం వంటి సంస్థానాలు ఈ సంగీతాన్ని పోషించాయి. వీణ నాదం సున్నితమైనది. పెద్ద పందిరిలో అది మైకు లేకుండా వెనుక వరుసలకు చేరదు. కాబట్టి కచేరీని మన ఛాంబర్ సంగీతంగా భావించడంలో తప్పులేదు.

ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. పాశ్చాత్య బృందం ముందుగా రాసి ఉన్న స్వరలిపిని అనుసరిస్తుంది. మన కచేరీలో రాగాలాపన, నెరవు, కల్పనస్వరాలు అప్పటికప్పుడు పుడతాయి. వయొలిన్ విద్వాంసుడికి గాయకుడు తరువాత ఏం పాడతాడో తెలియదు. కాబట్టి పక్కవారిని వినడం అనే గుణం ఇక్కడ మరింత అవసరం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో పోల్చి చూసుకోండి.
అ) ఛాంబర్ సంగీతానికి ఉన్న మూడు ప్రధాన లక్షణాలు ఏవి?
ఆ) కర్ణాటక కచేరీకి, పాశ్చాత్య ఛాంబర్ బృందానికి ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?

4. పట్నాలకు దూరంగా సంగీతోత్సవాలు: రెండు ఉదాహరణలు

4.1 మార్ల్‌బరో

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మార్ల్‌బరో అనే చిన్న ఊరు ఉంది. పియానో విద్వాంసుడు రుడాల్ఫ్ సెర్కిన్, వయొలిన్ విద్వాంసుడు అడాల్ఫ్ బుష్ తదితరులు కలిసి 1951లో అక్కడ వేసవి సంగీత కేంద్రాన్ని ప్రారంభించారు. పేరుపొందిన పెద్దలు, అప్పుడే చదువు ముగించిన యువకులు కొన్ని వారాలు ఒకేచోట ఉంటారు. ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తారు. ఒకే బృందంలో పక్కపక్కన కూర్చుని సాధన చేస్తారు. కచేరీలు వారాంతాల్లో మాత్రమే జరుగుతాయి. సాధన చేసిన రచనలన్నింటినీ వేదిక ఎక్కించాలన్న నియమం లేదు. అంటే ఇక్కడ ఉత్సవం అనేది ప్రదర్శన కంటే ముందు ఒక పాఠశాల. చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ కూడా తన చివరి సంవత్సరాల్లో వేసవికి ఇక్కడికి వచ్చేవాడు.

4.2 కుహ్మో

ఫిన్లాండ్ తూర్పు అంచున, రష్యా సరిహద్దుకు దగ్గరగా, అడవుల మధ్య కుహ్మో అనే చిన్న పట్టణం ఉంది. సెప్పో కిమానెన్ అనే యువ చెల్లో వాద్యకారుడు 1970లో ఇక్కడ ఛాంబర్ సంగీతోత్సవాన్ని మొదలుపెట్టాడు. మొదట్లో ప్రత్యేకమైన భవనం లేదు. పాఠశాల, చర్చి వేదికలయ్యాయి. జులై నెలలో రెండు వారాల పాటు జరిగే ఈ ఉత్సవం క్రమంగా దేశవిదేశాల శ్రోతలను ఆకర్షించింది. 1993లో ఆ ఊరికి సొంత కళాభవనం వచ్చింది. ఫిన్లాండ్ జాతీయ కావ్యమైన కాలేవాలాకు ఆధారమైన జానపద గేయాలను సేకరించిన ప్రాంతం దీనికి పొరుగునే ఉంది. ఊరు ఆ గుర్తింపును కూడా కాపాడుకుంటోంది.

ఈ రెండు ఉదాహరణల నుంచి మనం గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఇవి భవనంతో మొదలుకాలేదు. మనుషులు ఒకచోట కొంతకాలం నిలిచి ఉండటంతో మొదలయ్యాయి. భవనం తరువాత వచ్చింది.

5. భద్రాచలం ప్రాంతం: సంగీత వారసత్వం

5.1 ప్రాంతం

భద్రాచలం గోదావరి ఎడమ ఒడ్డున ఉంది. 1959 వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ తరువాత ఖమ్మం జిల్లాలో చేరింది. 1965లో గోదావరిపై వంతెన రావడంతో అవతలి ఒడ్డున ఉన్న సారపాక, పాల్వంచ, కొత్తగూడెంల మీదుగా ఖమ్మంతో రోడ్డు సంబంధం ఏర్పడింది. 2014లో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లగా, పట్టణం తెలంగాణలోనే నిలిచింది. 2016 నుంచి ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కొద్ది దూరంలోనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. చుట్టూ కోయ గ్రామాలు. అందువల్ల ఇక్కడి శ్రోతల్లో ఒకే భాష, ఒకే సంప్రదాయం ఉన్నవారే ఉంటారని అనుకోకూడదు.

5.2 రామదాసు, ఆయన తరువాతివారు

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేశాడు. ప్రభుత్వానికి చెల్లించవలసిన పన్ను సొమ్మును భద్రాచల ఆలయ నిర్మాణానికి ఖర్చుచేశాడన్న కారణంతో గోల్కొండ కోటలో ఖైదయ్యాడు. ఖైదు సుమారు 12 ఏళ్లు సాగిందని సంప్రదాయం చెబుతుంది. భక్త రామదాసుగా ఆయన రచించిన కీర్తనలు, దాశరథి శతకం తెలుగువారి నిత్యజీవితంలో భాగమయ్యాయి.

ఈ కీర్తనల నిర్మాణం సరళమైనది. పల్లవి అందరూ అందుకోగలిగినట్లు ఉంటుంది. చరణాలను ఒకరు పాడితే మిగిలినవారు పల్లవితో తిరిగి కలుస్తారు. అందువల్ల ఇవి భజన బృందాలకూ, కచేరీ వేదికకూ పనికివచ్చాయి. నోటి నుంచి నోటికి వచ్చినందువల్ల ఒకే కీర్తనను వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు రాగాల్లో పాడటం కనిపిస్తుంది.

తిరువయ్యారులోని త్యాగరాజు (1767–1847) రామదాసును తన రచనల్లో గౌరవంగా స్మరించాడు. గుంటూరుకు చెందిన తూము నరసింహదాసు 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో భద్రాచలానికి వచ్చి ఆలయ సేవల క్రమాన్ని, సంకీర్తన సంప్రదాయాన్ని పటిష్ఠం చేశాడు. 20వ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ రేడియో, రికార్డుల ద్వారా ఈ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు. నెదునూరి కృష్ణమూర్తి కొన్నింటికి స్వరకల్పన చేశారు.

నేడు రామదాసు జయంతి సందర్భంగా భద్రాచలంలో వాగ్గేయకారోత్సవం జరుగుతుంది. ఎంపికచేసిన తొమ్మిది కీర్తనలను నవరత్నాలుగా గోష్ఠిగానం చేస్తారు. తిరువయ్యారులో త్యాగరాజ పంచరత్నాలను కలిసి పాడే పద్ధతికి ఇది పోలిక. పేరున్న విద్వాంసుల పక్కన కూర్చుని విద్యార్థి కూడా పాడగలగడం గోష్ఠిగానంలోని విశేషం.

5.3 అడవి పక్కనున్న సంగీతం

భద్రాచలం సంగీతం అంటే ఆలయ సంగీతం మాత్రమే కాదు. కోయ గ్రామాల్లో రేల పాటలు, ఎద్దుకొమ్ముల తలపాగాలతో డోళ్లు వాయిస్తూ చేసే కొమ్ము నృత్యం ఉన్నాయి. రేల చెట్టు వేసవిలో పసుపు పూలతో నిండుతుంది. ఆ పేరే పాటకూ వచ్చింది. కోయల వంశగాథలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలి కోయలు పాడతారు. కొద్దిమంది కళాకారులు, వారి ముందు ఒక కుటుంబం లేదా ఒక వంశం కూర్చుని వింటుంది. చిన్న బృందం, దగ్గరి శ్రోత అనే లక్షణాలు ఇక్కడా ఉన్నాయని గమనించండి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024లో మరణించారు. వందల ఏళ్ల వంశగాథలు కొద్దిమంది జ్ఞాపకంలోనే ఉన్నప్పుడు, ఒక్కరు పోవడం వల్ల కలిగే నష్టం ఎంత పెద్దదో ఊహించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
అ) రామదాసు కీర్తనలు భజన బృందాలకూ, కచేరీలకూ అనువుగా ఉండటానికి కారణం ఏమిటి?
ఆ) డోలి కోయల గానానికి, ఛాంబర్ సంగీతానికి ఉన్న పోలిక ఏమిటి?

6. ఋతువు, చోటు, శబ్దం

6.1 ఏ నెలలో?

కుహ్మోలో ఉత్సవం జులైలో జరుగుతుంది. భద్రాచలంలో జులై, ఆగస్టు నెలలు గోదావరి వరదల కాలం. ఇక్కడ నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీచేస్తారు. 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో రోడ్లు మునుగుతాయి, లోతట్టు కుటుంబాలు పునరావాస కేంద్రాలకు చేరతాయి. ఉత్సవం మాట ఎత్తే సమయం కాదు.

సెలవుల నెల కదా అని మేను ఎంచుకుందామా? ఈ జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరుతారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆకు కోసి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగిస్తారు. చాలా ఆదివాసీ కుటుంబాలకు ఏడాదిలో చేతికి డబ్బు అందే ముఖ్యమైన రోజులు అవి. పట్నంవారి సెలవులు, అడవి పక్కవారి సంపాదన రోజులు ఒకే నెలలో వస్తాయి. జూన్‌లో విత్తనాల పని మొదలవుతుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో పత్తి ఏరుతారు.

కాబట్టి మన వేసవి ఉత్సవం సహజంగా వేసవి గడప దగ్గరే, చైత్ర శుద్ధ నవమికి కుదిరింది. శ్రీరామనవమికి తెలుగునాట ఊరూరా చలువపందిళ్లు వేసి, పానకం, వడపప్పు పంచి, కచేరీలు, హరికథలు పెట్టడం పాత అలవాటు. తెలుగు ప్రాంతాల వెలుపల కూడా ఈ అలవాటు ఉంది. బెంగళూరు చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి రామనవమి సంగీతోత్సవం నిర్వహిస్తోంది. అయితే భద్రాచలంలో నవమి రోజున మిథిలా ప్రాంగణంలో జరిగే కల్యాణానికి వేలాది జనం వస్తారు. ఆ రద్దీలో, లౌడ్‌స్పీకర్ల మధ్య వీణ వినడం కష్టం. చిన్న బృంద సంగీతానికి సంక్రాంతి తరువాతి చలికాలపు వారాలు లేదా నవమి ముగిసిన తరువాతి సాయంత్రాలు మరింత అనువైనవి.

6.2 ఎండ, తేమ, వాద్యాలు

వాతావరణం శ్రోతలనే కాదు, వాద్యాలనూ బాధిస్తుంది. మృదంగం మూతలు తోలువి. పొడి ఎండకు తోలు బిగుసుకుని శృతి పెరుగుతుంది. తేమకు తోలు వదులై శృతి తగ్గుతుంది. ఎడమ మూతకు తడిపి పెట్టే రవ్వ ముద్ద వేడిగాలికి త్వరగా ఎండిపోతుంది. వయొలిన్‌లో జిగురుతో అతికించిన భాగాలు విపరీతమైన వేడికి విడిపోవచ్చు. అందువల్ల వేసవి కచేరీలను తెల్లవారుజామున లేదా పొద్దుగుంకిన తరువాత పెట్టాలి. కళాకారులు కనీసం ఒక గంట ముందే వచ్చి, వాద్యాలను ఆ చోటి గాలికి అలవాటు చేసి శృతి చేసుకోవాలి. రేకుల షెడ్డు కంటే పెంకుటిల్లు, రాతి మండపం మేలు. రేకు పగటి వేడిని లోపలికి పంపుతుంది, వానపడితే ఆ చప్పుడులో సంగీతం వినిపించదు.

6.3 ఎంతమందికి?

సుమారు 100 మంది కూర్చునే పాఠశాల హాలు, ఆలయ మండపం ఈ సంగీతానికి చాలు. హాజరు తక్కువగా కనిపిస్తుందని నిర్వాహకులు భయపడతారు. కానీ ఛాంబర్ సంగీతంలో తలల లెక్క కొలమానం కాదు. ఒకే కచేరీకి 1,000 మందిని రప్పించడం కంటే, 10 గ్రామాల్లో ఒక్కోచోట 100 మందికి వినిపించడం ఈ సంగీత స్వభావానికి దగ్గర.

7. ఉత్సవం ముగిశాక ఏం మిగులుతుంది?

ఈ పాఠంలో ప్రధానమైన ప్రశ్న ఇదే. కళాకారులు వచ్చారు, పాడారు, శాలువాలు కప్పించుకున్నారు, మరునాటి బస్సుకు వెళ్లిపోయారు. ఊరికి ఏం మిగిలింది? పందిరి గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ మిగలకపోతే, ఆ ఉత్సవం ఆ ఊరిలో జరిగిందే గాని ఆ ఊరిది కాలేదు. దీన్ని పరిశీలించడానికి మూడు కోణాలు ఉన్నాయి.

7.1 నేర్చుకునేవారు

సంగీతం నేర్పే ప్రభుత్వ కళాశాలలు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. భక్త రామదాసు పేరు పెట్టిన సంగీత కళాశాల కూడా సికింద్రాబాద్‌లో ఉంది. అడవి పక్క ఊళ్లో గొంతు ఉన్న పిల్లకు గురువు దొరకడమే మొదటి కష్టం. మార్ల్‌బరో పద్ధతి ఇక్కడ పనికివస్తుంది. వచ్చిన విద్వాంసుడు రెండు గంటలు పాడి వెళ్లే బదులు, మూడు రోజులు ఉండి ఉదయం పిల్లలకు సరళీస్వరాలు, ఒక కీర్తన నేర్పి, చివరి సాయంత్రం వారితో కలిసి గోష్ఠిగానం చేస్తే, ఉత్సవం వెళ్లిపోయినా ఆ కీర్తన ఊళ్లో ఉంటుంది.

7.2 వేదిక ఎవరిది?

తిరువయ్యారు చరిత్ర ఇక్కడ పాఠం చెబుతుంది. త్యాగరాజ సమాధి దగ్గర జరిగే ఆరాధనలో ఒకప్పుడు స్త్రీలకు పాడే అవకాశం లేదు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) తన సొంత సొమ్ముతో 1920లలో అక్కడ సమాధి మందిరం కట్టించింది. స్త్రీలు పాడేందుకు విడిగా ఉత్సవం నడిపింది. చివరకు 1940 ప్రాంతంలో వర్గాలన్నీ కలిసి ఒకే ఆరాధన జరపడం మొదలైంది. నేడు స్త్రీ పురుషులు కలిసి పాడే గోష్ఠిగానం వెనుక ఈ పోరాటం ఉంది.

భద్రాచలం ప్రాంతంలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. కోయ కళాకారులను చాలాచోట్ల అతిథులకు స్వాగతం పలకడానికి, ఊరేగింపు ముందు నడవడానికి మాత్రమే పిలుస్తారు. వేదిక, కుర్చీ, నిశ్శబ్దంగా వినే శ్రోత వారికి దక్కవు. ఎండలో నిలబెట్టి 10 నిమిషాలు వాయించమనడం గౌరవం కాదు. డోలి కళాకారుడికి కూడా ఒక సాయంత్రం పూర్తిగా ఇచ్చి, గాథ అర్థమయ్యేలా ముందుగా తెలుగులో నాలుగు మాటలు చెప్పి, కచేరీ విద్వాంసుడితో సమానంగా పారితోషికం ఇవ్వాలి. అలాగని రెండు సంగీతాలనూ బలవంతంగా కలిపి ఒకే పాటగా చేయనవసరం లేదు. ఒకరిది మరొకరు కూర్చుని వినడమే మొదటి మెట్టు.

7.3 వినేవారు

శ్రోతలు కూడా తయారవ్వాలి. కచేరీకి ముందు ఆ రోజు పాడే రాగాన్ని, తాళాన్ని 15 నిమిషాలు వివరించడం, తాళం వేయించడం, వాద్యాన్ని దగ్గరగా చూపించడం వల్ల కొత్త శ్రోతకు భయం పోతుంది. ఆకాశవాణి కొత్తగూడెం కేంద్రం వంటి స్థానిక రేడియోలో కచేరీలను ప్రసారం చేస్తే, రాలేకపోయినవారికీ అవి అందుతాయి. కళాకారుల అనుమతితో రికార్డు చేసి, ఒక ప్రతిని స్థానిక పాఠశాలకు, మరొక ప్రతిని పాడినవారి కుటుంబానికి ఇవ్వాలి.

అభ్యాస కార్యం: మీ ఊళ్లో లేదా దగ్గరి పట్టణంలో ఈ ఏడాది జరిగే ఒక కచేరీకి గాని, భజనకు గాని, డోలి గానానికి గాని వెళ్లండి. బృందంలో ఎందరున్నారు, శ్రోతలు ఎంత దూరంలో కూర్చున్నారు, మైకు అవసరమైందా, పిల్లలు ఎందరు వచ్చి చివరిదాకా ఉన్నారు అన్న వివరాలు రాసుకోండి. ఒక నెల తరువాత అదే ఊరికి వెళ్లి, ఆ సాయంత్రం నుంచి ఎవరికి ఏం గుర్తుందో అడగండి. మీ పరిశీలనను రెండు పేజీల్లో రాయండి.

8. సారాంశం

చిన్న బృందం, నిర్దేశకుడు లేకపోవడం, దగ్గరి శ్రోత ఛాంబర్ సంగీత లక్షణాలు. ఈ లక్షణాలు కర్ణాటక కచేరీలోనూ, డోలి కోయల గానంలోనూ కనిపిస్తాయి. మార్ల్‌బరో, కుహ్మో ఉత్సవాలు భవనాలతో గాక, కళాకారులు ఒకచోట నిలిచి ఉండటంతో మొదలయ్యాయి. భద్రాచలానికి రామదాసు కీర్తనల వారసత్వం, వాగ్గేయకారోత్సవం ఉన్నాయి. ఇక్కడి వేసవి ఎండ, జులై వరదలు, తునికాకు కాలం దృష్ట్యా ఉత్సవ కాలాన్ని స్థానికుల జీవితానికి తగినట్లు ఎంచుకోవాలి. నేర్చుకునే పిల్లలు, సమానమైన వేదిక, తయారైన శ్రోతలు మిగిలినప్పుడే ఉత్సవం ఆ ఊరిది అవుతుంది.

9. ముఖ్య పదాలు

ఛాంబర్ సంగీతం: చిన్న చోటులో, ఒక్కొక్క భాగాన్ని ఒక్కరే వినిపించే చిన్న బృంద సంగీతం.
వాగ్గేయకారుడు: సాహిత్యాన్ని, సంగీతాన్ని రెండింటినీ తానే కూర్చే రచయిత.
గోష్ఠిగానం: పలువురు కలిసి కూర్చుని ఒకే కీర్తనను పాడటం.
మనోధర్మం: ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు రాగాన్ని, స్వరాలను పెంచి పాడటం.
డోలి కోయలు: కోయల వంశగాథలను పాడే కళాకారులు.
కల్లం: ఇక్కడ, కోసిన తునికాకు కట్టలను అప్పగించి ఆరబెట్టే చోటు.

10. మీ ప్రగతిని సమీక్షించుకోండి: సమాధానాలు

1. అ) ఒక్కొక్క భాగాన్ని ఒక్కరే వాయించే చిన్న బృందం, నిర్దేశకుడు లేకపోవడం, శ్రోతలు దగ్గరగా ఉండే చిన్న చోటు.
ఆ) పాశ్చాత్య బృందం రాసి ఉన్న స్వరలిపిని అనుసరిస్తుంది. కచేరీలో మనోధర్మానికి ప్రాధాన్యం ఉంటుంది.
2. అ) సరళమైన నిర్మాణం, అందరూ అందుకోగలిగిన పల్లవి.
ఆ) కొద్దిమంది కళాకారులు, వారి ముందు దగ్గరగా కూర్చున్న కొద్దిమంది శ్రోతలు.

11. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భద్రాచలం ప్రాంతపు సంగీత వారసత్వాన్ని వివరించండి.
2. ఒక గ్రామీణ సంగీతోత్సవం స్థానికులకు మేలు చేసిందా లేదా అని ఎలా నిర్ణయిస్తారు? ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కుహ్మో ఉత్సవ కాలం భద్రాచలానికి ఎందుకు సరిపోదు?
2. ఎండ, తేమ మృదంగంపై చూపే ప్రభావాన్ని తెలపండి.
3. తిరువయ్యారు ఆరాధన చరిత్రలో బెంగళూరు నాగరత్నమ్మ పాత్ర ఏమిటి?